ముత్యం కొన్నవాడి మర్నాటి భోజనం

పరంజ్యోతి అయ్యగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు తన చెప్పులు ఎక్కడున్నాయో చూసుకునేవారు. కూర్చున్నచోట కూర్చుని జవాబు చెప్పడం ఆయనకు చేతకాదు. వాక్యం తీసి చూపించేవారు కాదు, వాదించడం అసలే లేదు. "పద, అట్లా పోయొద్దాం" అని బయలుదేరేవారు. ఆ పోయినచోట ఏదో ఒకటి జరిగేది, అడిగినవాడికి జవాబు దొరికేది. ఒక్కోసారి అడగని ప్రశ్నకు కూడా దొరికేది, అదే వచ్చిన చిక్కు. రాగులపల్లె సంఘానికి ఆయన కాపరిగా వచ్చి జుట్టు నెరిసింది. ఇన్నేళ్ళలో ఆయన అరగదీసిన చెప్పులెన్నో పైవాడికే తెలియాలి.

ఆయన శిష్యుల్లో బర్నబా ఒకడు. ఊరి బడిలో లెక్కలు చెప్పేవాడు. మంచివాడే, కాస్త తొందర ఎక్కువ. ఒక ఆదివారం అయ్యగారు పరలోకరాజ్యాన్ని గురించి యేసుప్రభువు చెప్పిన ఉపమానం చదివారు: మంచి ముత్యాలు వెదికే వర్తకుడు ఒకడు అమూల్యమైన ముత్యాన్ని చూశాడు, పోయి తనకున్నదంతా అమ్మేసి దాన్ని కొన్నాడు. అయ్యగారు పుస్తకం మూయకముందే బర్నబా లేచి నిలబడ్డాడు. తానూ ఆ వర్తకుడిలాగే బడి ఉద్యోగం వదిలేస్తున్నాననీ, ఇకనుంచి అయ్యగారి వెంట పూర్తికాలం సువార్త పనిలో ఉంటాననీ సంఘమంతా వినేటట్టు చెప్పాడు. మగవాళ్ళు ఆమేన్ అన్నారు, ముసలమ్మలు కళ్ళు తుడుచుకున్నారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. బర్నబా రచ్చ గెలిచి ఇంటికి వెళ్ళాడు.

ఇంట్లో అతని భార్య సలోమి చేటలో బియ్యం ఏరుతోంది. గుడిలో ఆడవాళ్ళ వైపు కూర్చుని ఆ మాట ఊరందరితోపాటే విన్నది ఆమె. ఇద్దరు పిల్లలు, మంచం పట్టిన అత్త, నెల తిరిగేసరికి వచ్చే ఆ ఒక్క జీతం. అరవలేదు, ఏడవలేదు. చేట దించకుండానే ఒక్కటే అడిగింది.

"ఆ ముత్యం కొన్నాయన మర్నాడు ఏం తిన్నాడంట?"

బర్నబా నోరు తెరిచాడు. ఏలీయాకు కాకులు రొట్టె తెచ్చిన సంగతి, అరణ్యంలో మన్నా కురిసిన సంగతి గుర్తొచ్చాయి. కానీ సలోమి అడిగింది కాకుల సంగతి కాదని అతనికీ తెలుసు. ఆ రాత్రంతా అటూ ఇటూ దొర్లి, తెల్లవారగానే అయ్యగారి వాకిట్లో నిలబడ్డాడు. తన మనసులో పుట్టిన సందేహంలాగా గొంతు సవరించుకుని అదే మాట అడిగాడు.

అయ్యగారు అతని ముఖంలోకి కాసేపు చూశారు. ఆయన కళ్ళల్లో నవ్వు కదిలింది.

"ఈ ప్రశ్న నీది కాదప్పా," అన్నారు. "నీ ప్రశ్నలు ఇంత బాగుండవు. ఎవరిది?"

"మా ఇంటామెది అయ్యగారూ."

"మరి ప్రశ్న అడిగినామెను ఇంట్లో పెట్టి, జవాబు మనమిద్దరం తినొస్తే ఎట్లా? పోయి పిల్చుకురా."

ఆ రాత్రే తొలకరి వాన పడింది. రాగులపల్లె చుట్టుపక్కల ఎర్రనేలల్లో తొలకరి పడిందంటే విత్తనం కంటే ముందు మనుషులు దిగుతారు. వాన మన్నును కడిగేస్తే వజ్రం పైకి తేలుతుందని నమ్మకం. ఎప్పుడో ఒకరికి దొరికింది కూడా. అందుకని ఎక్కడెక్కడివాళ్ళో పనులు మానుకుని, సద్దిమూటలు కట్టుకుని వచ్చి, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా నడుములు వంచి ఆ చేలల్లో వెదుకుతారు. ఆ ఉదయం కూడా దారికి రెండు వైపులా వంగిన వీపులే. అయ్యగారు ముందు, వెనక బర్నబా, కొంగు తలమీదికి లాక్కుని సలోమి నడుస్తున్నారు.

వీళ్ళు పోయి ఆగింది రోడ్డు మలుపులో ఉన్న రేకుల కొట్టు దగ్గర. నరసప్ప, సుంకులమ్మ అనే ముసలి దంపతులు అక్కడ ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు అమ్ముతారు. సుంకులమ్మ బొరుగులు నీళ్ళలో తడిపి, గట్టిగా పిండి తాళింపులో వేసి కలుపుతోంది. నరసప్ప నూనె మూకుడు ముందు చెమటలు కక్కుతున్నాడు. వెదుకులాటకు వచ్చినవాళ్ళు ఆకలికి అక్కడే చేరతారు. ఆకలితో పాటు రాళ్ళు కూడా తెస్తారు. ఎందుకంటే ఒకప్పుడు ఈ నరసప్ప ఆ ప్రాంతంలో రాళ్ళు కొనే వ్యాపారి. బర్నబా చిన్నతనంలో రాళ్ళ నరసప్ప అంటే మిద్దె ఇల్లు, మోటారు బండి, పది ఎకరాల తోట. అతను ఎందుకు చితికిపోయాడో ఊళ్ళో తలొకరు ఒక కథ చెప్పేవారు. బర్నబా ఏదీ పట్టించుకోలేదు, బజ్జీ మాత్రం తినేవాడు.

వీళ్ళు బల్ల మీద కూర్చునేసరికి ఒక పడుచువాడు చేలోంచి పరుగెత్తుకొచ్చి గుప్పిట విప్పాడు. నరసప్ప పిండి చేయి తుడుచుకుని ఆ రాయిని వెలుతురుకు పెట్టి చూశాడు.

"మంచిదే నాయనా," అన్నాడు. "నేను కొనను. ఒక్కనికే సూపియ్యాకు, ముగ్గురికి సూపిచ్చి బేరమాడు. ఎవురన్నా ఇది పలుగురాయి, యెందుకూ పనికిరాదు అంటే నమ్మాకు, లేసి వచ్చేయ్."

పడుచువాడు దండం పెట్టి వెళ్ళిపోయాడు. సుంకులమ్మ ఆకుల్లో ఉగ్గాని పెట్టి తెచ్చింది. అయ్యగారు ఆమెతో, "ఈ పాప ఒకటి అడగాలంట సుంకులమ్మా," అన్నారు. బర్నబా వెంటనే, అది ఎట్లాగంటే, అని మొదలుపెట్టబోయాడు. అయ్యగారు అతని ఆకులో ఒక బజ్జీ వేసి, "నువ్వు తినప్పా, చల్లారిపోతుంది," అన్నారు.

నరసప్ప ఉన్నదంతా తానే అమ్ముకున్నాడని ఊళ్ళో ఎప్పుడో విన్న సలోమి తలవంచుకునే అడిగింది. అంతా వదులుకున్నాక మర్నాడు మీరేం తిన్నారు అని.

"జొన్న సంకటి," అన్నాడు నరసప్ప, మూకుడులోంచి తల తిప్పకుండా. "గోంగూర."

"సంకటంట సంకటి!" సుంకులమ్మ గరిటె ఎత్తింది. "జొన్నలు యాడుండె ఇంట్లో? ఆ పొద్దు పక్కింటి లాలమ్మ ఇచ్చిన చద్దన్నం గదా."

"లాలమ్మ ఇచ్చింది ఆ మర్నాడే! నాకు బాగా గుర్తు."

"నీకు గుర్తా? నిన్న ఉప్పు యాడ పెట్టినావో గుర్తుండదు నీకు!"

ఇద్దరూ కాసేపు జొన్నలమీద, చద్దిమీద వాదులాడుకున్నారు. తేలలేదు. బర్నబాకు విసుగొచ్చింది. ఇంత దూరం నడిచొచ్చింది ఈ ముసలివాళ్ళ సంకటి పంచాయితీ వినడానికా అనిపించింది. అయ్యగారు మాత్రం అన్నం ముందు పెట్టుకున్న పిల్లవాడిలాగా హాయిగా తింటున్నారు. చివరికి నరసప్పే చల్లబడ్డాడు.

"యేం తింటిమో ఏమోలే పాపా," అన్నాడు. "నేను వ్యాపారం చేసే కాలంలో ఒక ఆడమనిషి మంచి రాయి తెచ్చింది నా కాడికి. ఒంటి మనిషి, మొగుడు ల్యాడు. పలుగురాయి అని చెప్పి ఒక చీర, మూటెడు బియ్యం ఇచ్చి పంపిస్తి. దాంతోనే మిద్దె కట్టింది నేను. ఆ తర్వాత ఒగసారి వాన వస్తాంటే తల దాచుకుందామని మీ గుడిలోకి వచ్చినా. అయ్యగారు ఆ ముత్యం కథ చెప్తాండ్రి. నాకు నవ్వొచ్చింది. ఏ వ్యాపారీ ఉన్నదంతా పెట్టి ఒక్క రాయి కొనడు, అది బేరం తెలీనోడు చేసే పని. కానీ ఆ కథలో వాడు బేరం తెలిసినోడే గదా? వాని కండ్లు ఎన్ని రాళ్ళు సూసింటాయి! అట్లాంటోడు అంతా అమ్మినాడంటే ఆ రాయి ఎట్లాంటిదై ఉండాల? ఆ ఆలోచన పట్టుకుని నన్ను ఇడవల్యా. అయ్యగారి కాడ కూసుని ఏడ్సినా, ప్రభువును నమ్ముకున్యా. ఆమె ఊరు ఎతుక్కుంటా పోయి కనుక్కుని, మిద్దె, తోట, బండి, అన్నీ అమ్మి ఆమెది ఆమెకు ఇచ్చినా. ఇంకా ఇట్ల మోసపోయినోళ్ళు ఉండిరి. వాళ్ళకూ ఇచ్చినా. ఇంక మిగల్యా."

"మరి ఈమెను అడిగినావా?" అన్నారు అయ్యగారు, తెలియనట్టుగా.

నరసప్ప మూకుడు వైపు తిరిగిపోయాడు. జవాబు సుంకులమ్మ చెప్పింది.

"యాడ అడిగినాడు! నా మెడలోది కూడా అమ్మినంకే చెప్పినాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోల్యా తల్లీ, నీకెందుకు అబద్ధం చెప్పాల."

సలోమి మొదటిసారి తలెత్తి చూసింది. "మరి ఎట్లా ఒప్పుకుంటివి పెద్దమ్మా?"

"ఒప్పుకోల్యా. మా పుట్టింటికి పోదామని మూట కట్టేసినా. ఎంతైనా కట్టుకున్న మనిషి గదా, ఒక ముద్ద పెట్టి పోదామని అన్నం పెట్టినా." సుంకులమ్మ గరిటె పక్కన పెట్టి, సలోమి పక్కనే బల్ల మీద కూలబడింది. "ఈ మనిషి యాపారం చేసినన్నాళ్ళు అన్నానికి ఎప్పుడు కూసున్యా వాకిలి తట్టు మొగం పెట్టి కూసునేటోడు. పోలీసోళ్ళు వస్తారేమో, దొంగలు వస్తారేమో, మోసపోయినోళ్ళు కట్టెలు తీసుకుని వస్తారేమో! బయట చెప్పుల సప్పుడైతే నోట్లో ముద్ద నోట్లోనే. కాపరానికి వచ్చినకాంచి సూస్తాండా, ఒక్క పూట నింపాదిగా తిన్నది ల్యా. ఆ పొద్దు, మిద్దె పోయినంక చేరిన బాడుగ ఇంట్లో అన్నం పెడితే, వాకిలికి వీపు పెట్టి కూసున్యాడు. బయటినుంచి ఎవురో గట్టిగా పిలిసినారు. తిరిగి కూడా సూల్యా. 'తింటాండాలే, లోపలికి వచ్చి కూసో' అన్యాడు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. కట్టెల పొయ్యి పొగ అని సరిపెట్టుకోవచ్చు గాని, గాలి ఆ వైపు లేదు.

"ఏం తిన్యాడో నాకేం గుర్తుంటాది తల్లీ? నేను ఆ వీపే సూస్తా నిలబడితి. లోపలికి పోయి మూట ఇప్పేసినా."

నరసప్ప చేతిలో జాలిగరిటె అట్లాగే ఉండిపోయింది, నూనెలో బజ్జీలు మాడుతున్నాయి.

"నేను అట్ల కూసుంటినా?" అన్నాడు అతను నెమ్మదిగా. "నాకు తెలీనే తెలీదే. ఇన్నేండ్లలో ఒక్కసారన్నా చెప్పల్యా నువ్వు."

"చెప్తే నా కోపం పోయిందనుకుంటావని చెప్పల్యా," అంది సుంకులమ్మ లేస్తూ. "బజ్జీలు మాడుతాండాయి, సూడు!"

సలోమి నవ్వింది. నిన్నటి గుడి తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు చూసి బర్నబాకు గుండె తేలికైంది. గెలిచాననే అనుకున్నాడు పాపం. సుంకులమ్మ పిల్లలకని ఒక పొట్లం కట్టి సలోమి చేతిలో పెట్టి, తల నిమిరి పంపింది.

తిరుగుదారిలో సలోమి పొట్లం పట్టుకుని నాలుగడుగులు ముందు నడుస్తోంది. చేలల్లో మనుషులు ఇంకా వంగే ఉన్నారు. బర్నబా అయ్యగారి పక్కకు చేరి, గొంతు తగ్గించి, ఉత్సాహం ఆపుకోలేక అడిగాడు: "జవాబు దొరికింది అయ్యగారూ! అయితే నేను రేపే బడి మానేయొచ్చా?"

పరంజ్యోతి అయ్యగారు నడక ఆపలేదు. అతని భుజం మీద చేయి మాత్రం వేశారు.

"నువ్వు అన్నానికి ఎట్లా కూచుంటావో నాకేం తెలుసప్పా," అన్నారు. "ముందు పోతాందే, ఆ పాపను అడుగు."