వెళ్ళినవాళ్ళ ముద్ద

ఆ గిన్నె మూత తియ్యకు అమ్మలూ. అది నీది కాదు. నీ ముద్దలన్నీ నువ్వు తినేశావు, పొట్ట చూడు, బిందెలా ఉంది. మరి ఎవరిదా? రోజూ అడుగుతావు, రోజూ నేను మాట మారుస్తాను. సరే, ఇవాళ చెబుతాను. కాళ్ళు కడుక్కుని వచ్చి పడుకో. మధ్యమధ్యలో లేచి కూర్చున్నావంటే కథ ఆపేస్తాను, ముందే చెబుతున్నా.

అనగనగా, ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట ఒక ఊరుండేదట. అనగనగా అన్నానని మరీ పాతకాలం అనుకునేవు. అప్పటికే మనుషులకి మనసుని అచ్చు దింపడం వచ్చేసింది. ఒకరు అచ్చు దింపే చావడిలోకి వెళితే ఇద్దరై బయటికొచ్చేవారు. ఇద్దరికీ ఒకటే జ్ఞాపకాలు, ఒకటే నవ్వు, ఒకటే కోపం. అలా అచ్చు దింపిన మనిషిని మారుమనిషి అనేవారు.

ఒళ్ళు సంగతా? ఒళ్ళు అప్పటికే అందరివీ చేయించుకున్నవే. మోకాళ్ళు అరిగాయంటే కొత్త ఒళ్ళు. నాలాంటి బద్ధకస్తులు కొందరు పాతదాంతోనే కుంటుతూ ఉంటారనుకో. అందుకని ఒంటిని బట్టి మనిషిని గుర్తుపట్టే రోజులు పోయాయి.

ఆ ఊళ్ళో వరహాలు అని ఒకావిడ ఉండేది. ఏంటీ? నా పేరా? నా పేరైతే ఏం, లోకంలో ఇంకెవరికీ ఉండకూడదా? పడుకో. వరహాలుకి భర్త లేడు. ఒక్కతే కూతురు, ఇంత పిల్ల. అమ్మ కలిపి పెడితే తప్ప తినేది కాదు, అమ్మ కొంగు పట్టుకుంటే తప్ప నిద్రపోయేది కాదు. అచ్చం నీలాగే పెంకిది.

అప్పుడు సముద్రం ఊరి మీదికి రావడం మొదలుపెట్టింది. నీళ్ళ అడుగున కరకట్ట కట్టాలన్నారు. ఊళ్ళో కొందరు వెళ్ళాలన్నారు. మరి ఇంట్లో పిల్లలో? అందుకే మారుమనుషులు. అసలు మనిషి కట్ట పనికి వెళ్ళాలి, మారుమనిషి ఇల్లు చూసుకోవాలి. కష్టం చెయ్యడానికే ఒక మనిషిని పుట్టించడం పాపమని ఆ ఊరివాళ్ళు అనుకునేవారు. బానే ఉంది కదా?

ఇంకో కట్టుబాటు కూడా పెట్టుకున్నారు. ఎవరు వెళ్ళారో, ఎవరు ఉండిపోయారో ఊళ్ళో ఎవరికీ చెప్పకూడదు. రాసిపెట్టుకోకూడదు కూడా. తెలిస్తే పిల్లలు బెంగపెట్టుకుంటారని, ఉన్నవాళ్ళని జనం చులకన చేస్తారని. మంచికే పెట్టుకున్నారు పాపం. కొంపముంచిందీ అదే.

వరహాలు చావడిలోకి వెళ్ళింది. ఇద్దరు వరహాలులు బయటికొచ్చారు. ఒకరు పెరటి గుమ్మంలోంచి సముద్రానికి, ఒకరు వీధి గుమ్మంలోంచి ఇంటికి.

ఇంటికొచ్చినావిడని చూసి చిన్నది, "ఎక్కడికెళ్ళావమ్మా ఇంతసేపు?" అంది.

"ఎక్కడికీ లేదమ్మా, ఇక్కడే ఉన్నాను" అందావిడ. ఇంట్లోంచి ఒక మనిషి వెళ్ళిపోయిందని ఆ ఊరంతట్లో తెలిసింది తనొక్కదానికే.

అక్కడ సముద్రం అడుగున అసలు వరహాలు ఒక గాజుగదిలో ఒక్కర్తే ఉండి కట్ట పని చూసుకునేది. ఒక్క ఏడాదే అన్నారు. సముద్రం మన మాట వింటుందా? నాలుగైదేళ్ళు పట్టింది. ఇంటికి కబురు పెట్టకూడదు, ఇంటి నుంచి కబురు రాదు. ఎలా వస్తుంది, ఇంట్లో మనిషి తగ్గితే కదా! తనకోసం ఎవరూ గుమ్మంలోకి వచ్చి చూడరు. తనని తలుచుకుని ఎవరూ కళ్ళు తుడుచుకోరు. దూరంగా ఉండడం అందరికీ ఉంటుంది అమ్మలూ. దూరంగా ఉన్నావని కూడా ఎవరికీ తెలియకపోవడం ఉందే, అది మాత్రం పగవాళ్ళకి కూడా వద్దు.

మొదట్లో ఆవిడ కూతుర్ని పేరుపెట్టి పిలుచుకునేది. ఆ తర్వాత తన పేరు తనే పిలుచుకునేది, "వరహాలూ" అని, ఎవరో పిలిచినట్టుంటుందని. ఆ తర్వాత అదీ మానేసింది.

మరి ఇంట్లో? ఇంట్లో ఉన్నావిడ రోజూ బేసిన్లో ఆవకాయన్నం కలిపేది. చిన్నదాని చేతిలో ఒక ముద్ద, పక్కింటి పిల్లల చేతుల్లో తలా ఒకటి. అన్నం ఐపోవచ్చేసరికి బేసిను ఊడ్చి ఆఖరి ముద్ద చేసి, చిన్న గిన్నెలో పెట్టి మూతపెట్టేది. వాళ్ళమ్మ నేర్పిన అలవాటది. ఇంట్లోవాళ్ళు ఎవరైనా ఊరెళితే వాళ్ళ పేరున ఒక ముద్ద ఉంచాలి, వాళ్ళు అక్కడ పస్తుండకుండా.

"ఎవరికమ్మా అది?" అనేది చిన్నది.

"పిల్లికే" అనేది ఆవిడ. ఆ ఇంట్లో పిల్లే లేదు. తెల్లారాక చల్లారిపోయిన ఆ ముద్ద తనే తినేది.

ఆ తర్వాత ఒకరోజు కట్ట పూర్తయింది. వెళ్ళినావిడ తిరిగొచ్చింది. తిన్నగా ఇంటికి రావడానికి లేదు, ముందు చావడికి రావాలి. దాన్ని గుర్తుల చావడి అనేవారు. అక్కడి పెద్ద పేరు సన్యాసయ్యగారు. ఆయన ఇద్దర్నీ పిలిపించి కూర్చోబెట్టి, అసలెవరో మారెవరో తేల్చేవారు. ఒక పేరుకి ఒక మనిషే, అదీ చట్టం. అసలు మనిషి ఇంటికి పోవాలి. మారుమనిషిని పలక తుడిచినట్టు తుడిచేస్తారు. అవును, తుడిచేస్తారు. ఇలా దగ్గరికి జరుగు. నేనున్నాగా.

ఆయన దగ్గరికి వచ్చినవాళ్ళంతా "నేనే అసలు, నేనే అసలు" అని కొట్టుకునేవారు. ప్రాణం తీపి కదా. కానీ ఆరోజు వెళ్ళినావిడ చావడి గుమ్మంలో అడుగుపెట్టి చూసేసరికి, ఎదుగుతున్న కూతురు ఇంట్లో ఉన్నావిడ కొంగు వేలికి చుట్టుకుని నిలబడుంది.

"అసలెవరమ్మా?" అన్నారు సన్యాసయ్యగారు.

"ఆవిడేనండీ" అంది వెళ్ళినావిడ, ఇంట్లో ఉన్నావిడని చూపించి. "నేను మారుమనిషిని."

"అబద్ధమండీ!" అంది ఇంట్లో ఉన్నావిడ. "ఆవిడే అసలు. మారుమనిషిని నేను."

పాపం సన్యాసయ్యగారికి మతిపోయింది. ఆయన పుట్టి బుద్ధెరిగాక ఇలాంటి తగువు చూడలేదు.

ముందు ఆయన జ్ఞాపకాలు అడిగారు. పెళ్ళినాడు ఏ రంగు చీర కట్టావు, కూతురు పుట్టినప్పుడు వాన పడిందా లేదా అని. ఇద్దరూ ఒకేసారి ఒకే జవాబు చెప్పారు. కట్ట పని గురించి అడిగితే ఇద్దరూ నోరు విప్పలేదు, దాని గురించి మాట్లాడకూడదన్నది కట్టుబాటు మరి.

ఆ తర్వాత చిన్నదాన్ని పిలిచి, "మీ అమ్మ ఎవరో పట్టుకో తల్లీ" అన్నారు. చిన్నది ఇంట్లో ఉన్నావిడనే వాటేసుకుంది. వెళ్ళినావిడ, "చూశారా, నేను చెప్పలేదూ?" అని నవ్వింది. నవ్విందే గానీ, కింద పెట్టిన సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది, చేతులకి ఏదో ఒకటి కావాలి కదా. "పెంచిందెవరో పిల్ల చెప్పింది, అసలెవరో చెప్పలేదు" అన్నారు సన్యాసయ్యగారు. అసలు మనిషే ఇంట్లో ఉండిపోయి, మారుమనిషిని కట్టకి పంపినవాళ్ళూ ఉండేవారు మరి.

అప్పటికి మధ్యాహ్నం దాటింది. చిన్నదానికి ఆకలేసింది. సన్యాసయ్యగారి భార్య ఇంట్లోంచి బేసిన్లో అన్నం, ఇంత ఆవకాయ, నూనె పంపించింది. ఇంట్లో ఉన్నావిడ అలవాటుగా చెయ్యి కడుక్కుని కలిపేసింది. చిన్నదానికి ఒక ముద్ద, సన్యాసయ్యగారికి ఒక ముద్ద, వెళ్ళినావిడకి ఒక ముద్ద. పెట్టింది, మళ్ళీ పెట్టింది. తగువు సంగతి మరిచిపోయి అందరూ చేతులు చాపారు. ఆఖరికి బేసిను ఊడ్చి ఒక ముద్ద చేసి, పక్కనున్న గిన్నెలో పెట్టి మూతపెట్టింది.

"అదెవరికమ్మా?" అన్నారు సన్యాసయ్యగారు.

"అది పిల్లికండీ" అంది చిన్నది. "రోజూ పెడుతుంది. మా ఇంట్లో పిల్లి లేదు."

సన్యాసయ్యగారు తినడం ఆపేశారు. "ఇది ఊరెళ్ళినవాళ్ళకి ఉంచే ముద్ద కదూ? రోజూ ఉంచుతున్నావా? మీ ఇంట్లోంచి ఎవరు వెళ్ళారని?"

ఆవిడ వెళ్ళినావిడ వంక చూసింది. అంతే, తేలిపోయింది. అసలెవరో, మారెవరో. మారుమనిషిని పంపినావిడైతే దాని పేరున ఇంటి ముద్ద ఉంచదు కదా.

అప్పుడు వెళ్ళినావిడ లేచి వచ్చింది. మూత తీసి, ఆ ముద్ద తీసుకుని, నిలబడే తినేసింది. తింటూ ఏడ్చింది. "ఇన్నాళ్ళూ నన్ను తలుచుకున్నావా?" అంది.

"నేను కాక ఇంకెవరు తలుచుకుంటారు?" అందీవిడ.

సన్యాసయ్యగారు గొంతు సవరించుకుని, "చట్టం ప్రకారం మారుమనిషిని..." అనబోయారు.

"ఆగండి బాబుగారూ" అంది వెళ్ళినావిడ. "నా కూతురికి నేను వెళ్ళానని కూడా తెలీదు. ఊరికి తెలీదు. నేను లేనని తెలిసి బాధపడ్డది లోకంలో ఇదొక్కతే. దీన్ని తుడిచేస్తే, నేను వెళ్ళాననైనా ఎవరికి గుర్తుంటుంది? వరహాలు అన్న పేరు నాదే అని తేల్చారుగా? నా పేరు నేను ఎవరికైనా ఇచ్చుకోవచ్చా?"

"ఇచ్చుకోవచ్చు" అన్నారాయన, మెల్లిగా. "కానీ పేరు లేని మనిషికి ఈ ఊళ్ళో ఇల్లుండదు తల్లీ."

"ఫరవాలేదండీ. కట్ట దగ్గర గది ఖాళీగానే ఉంది. ఎవరో ఒకరు చూసుకోవాలి దాన్ని."

ఇంట్లో ఉన్నావిడ ఎంత బతిమాలినా వినలేదు. వినదు, ఆ మొండితనం ఎలాంటిదో నాకు తెలుసు. పోతూపోతూ చిన్నదాని గడ్డం పట్టుకుంది. చిన్నదానికి ఏం తెలుసు, అమ్మలాగే ఉంది కదా, అమ్మకి అక్క కాబోలనుకుంది. "పెద్దమ్మా, మళ్ళీ రా" అంది.

"అలాగే తల్లీ" అంది ఆవిడ. వచ్చిన దారినే వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

అయిపోయింది అమ్మలూ, పడుకో. అదిగో, లేచి కూర్చోవద్దన్నానా? ఆ... ఉండిపోయినదాన్ని నేనే. ఆ చిన్నదే మీ అమ్మ. పెద్దమ్మ సంగతి దానికి గుర్తుందో లేదో, నేనెప్పుడూ అడగలేదు. అడగాలంటే భయమేసేది.

ఏంటీ? మరి నేను నీకు అమ్మమ్మని కానా అంటావా? ఎందుకు కాను! ఆవిడ ఇచ్చిన పేరుతోనే మీ అమ్మకి అమ్మనయ్యాను, నీకు అమ్మమ్మనయ్యాను. నీకు ఇద్దరు అమ్మమ్మలు. ఒకర్తి నీ పక్కన పడుకుని ఉంది. ఒకర్తి నీళ్ళ అడుగున కూర్చుని, ఈ ఊళ్ళోకి సముద్రం రాకుండా చూస్తోంది. నువ్వున్నావని కూడా ఆవిడకి తెలీదు.

ఎక్కడికి లేస్తున్నావు? గిన్నె దగ్గరికెందుకు? ఏంటా చేతిలో? మొన్న దాచుకున్న బెల్లం ముక్కా? ఆవిడకా?

పెట్టు నాన్నా. ముద్ద పక్కనే పెట్టి మూతపెట్టు. ఇన్నేళ్ళూ ఆవిడ కోసం నేనొక్కదాన్నే అనుకున్నా. ఇక మీదట ఇద్దరం. నేనేం ఏడవట్లేదు, ఆవకాయ చెయ్యి కంట్లో పెట్టుకున్నా. రా, కొంగు పట్టుకో, కళ్ళు మూసుకో.

కథ నడిచె కంచికి,
చిట్టితల్లి మంచానికి,
బెల్లం ముక్క, చల్లని ముద్ద
పేరిచ్చిన మనిషికి.