ముద్ర ముందు, మాట తర్వాత

ఏడుగుంటల లోయలో నీళ్ల పెత్తనమంతా చాలాకాలం ఇద్దరిదే. ఒకడు నక్క జంబయ్య, రెండోవాడు తోడేలు కోరన్న. ఆ ఇద్దరూ కలిసి కూర్చుంటే దానికి లోయ అభివృద్ధి మండలి అని పేరు. అభివృద్ధి జరగలేదని అనకూడదు, వాళ్లిద్దరికీ బ్రహ్మాండంగా జరిగింది. ఏడు గుంటల్లో నాలుగింటికి అప్పటికే వాళ్ల తుమ్మకంప పడింది. మిగతా జంతువులు గొణిగి గొణిగి చివరికి సింహరాజుకు మొరపెట్టుకున్నాయి. రాజుగారు విన్నారు, ఆవులించారు, "లోయలో ఉండేవాళ్లందరినీ మండలిలో భాగస్వాములను చెయ్యండి" అని సెలవిచ్చి మళ్లీ పడుకున్నారు.

జంబయ్యకు రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయింది. మర్నాడే సంస్కరణ మొదలుపెట్టాడు. గేదెకొక రాతిపీట, కుందేలుకొక పీట, తాబేలుకొక పీట. పీటల మీద తంగేడుపూలు. గేదె నీలాలును పుట్టి బుద్ధెరిగాక కూర్చోమన్నవాడు లేడు. ఇప్పుడు సాక్షాత్తూ అధ్యక్షుడే ఎదురొచ్చి పిలుస్తున్నాడు.

"రా నీలాలక్కా, రా! నువ్వు లేని మండలి ఓ మండలేనా? అదిగో, ఆ తడిమట్టిలో ఓ అడుగేసి లోపలికి రా. హాజరు ముద్ర, అంతే."

నీలాలు మురిసిపోయి ఒకటికి రెండు డెక్కలు దించింది. కుందేలైతే తన ముద్ర సరిగా పడలేదేమోనని వెనక్కి వెళ్లి మళ్లీ గెంతి వచ్చాడు. ఆ రోజు అందరూ నక్కతోక తొక్కామనే అనుకున్నారు.

సభ ఘనంగా జరిగింది. వాగు దాటడానికి దుంగ వేయించాలన్నాడు కుందేలు. "భేషైన సలహా" అన్నాడు జంబయ్య. ఊట తగ్గుతోందన్నాడు తాబేలు. "ఇంకా భేషు." తను, తన దూడ మునిగే ఐదో గుంటలో పూడిక తీయించమంది నీలాలు. "అందరి మాటా విన్నాం" అని జంబయ్య నేరేడుపళ్లు పంచాడు. మూతులు ఊదారంగు చేసుకుని అందరూ ఇళ్లకు పోయారు.

మూడోనాడు నీలాలు దూడను తోలుకుని గుంటకు వెళితే ఒడ్డు చుట్టూ తుమ్మకంప. లోపల కోరన్న కాళ్లు బారజాపుకుని పడుకున్నాడు.

"ఇదేంటి కోరన్నా?"

"తీర్మానమమ్మా. ఐదో గుంటను అభివృద్ధి నిమిత్తం నాకు అప్పగించారు."

"ఎవరప్పగించారు?"

"నువ్వే. మట్టిలో నీ డెక్కలు రెండున్నాయి, వెళ్లి చూసుకో."

వెళ్లి చూసుకుంది. మట్టి ఎండి రాయిలా అయింది. అందులో తన డెక్కలు రెండూ చక్కగా ఉన్నాయి. చెమట సరిగా పట్టని జాతి గేదెలది, నీటిలో మునగకపోతే వేసవి గడవదు. దూడ తోలు అప్పుడే పగుళ్లు విచ్చుతోంది. నీలాలుకు ఏడుపొచ్చింది, అంతకు రెట్టింపు సిగ్గేసింది. గొర్రె కసాయివాణ్నే నమ్ముతుందంటారు. నాలుగు తంగేడుపూలకు లొంగిపోయి గేదె అంతకంటే ఘనకార్యం చేసింది.

మర్నాడు పొద్దున్నే గోరింక వచ్చి ఎప్పటిలాగే ఆమె వీపు మీద వాలి పిడుదులు ఏరుకు తినసాగింది. మండలి తీర్మానాలను ముద్రల మీద నిలబడి పలికే ఉద్యోగం ఈ గోరింకదే.

"మేం వెళ్లిపోయాక ఆ మట్టి మీద ఏం పలికావే?"

"నక్కబావ చెప్పింది పలికాను. కొత్త పద్ధతి అదే కదా! ముద్ర ముందు, మాట తర్వాత. ముద్రలున్నచోట నేను ఏది పలికితే అది తీర్మానం. నాదేం పోయింది?"

"నీదేం పోలేదులే. నీళ్లు లేవు గనక నేనూ దూడా కొండ దాటి వెళ్లిపోతున్నాం. రేపట్నుంచి కోరన్న వీపెక్కి తిను."

గోరింక ముక్కు ఆగిపోయింది. "తోడేలు వీపా? అమ్మో! ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు వదినా?"

"నీ ఉద్యోగమే చెయ్యి. ఈసారి నీకు మాట నేను చెబుతాను."

తర్వాతి సభకు సంస్కరణ ఎలా సాగుతోందో చూసి రమ్మని రాజుగారు ఏనుగును పంపారు. మిగిలిన రెండు గుంటలూ ఆ రోజే కాజేద్దామని జంబయ్య కొత్తమట్టి తడిపించి సిద్ధంగా ఉన్నాడు. నీలాలు వచ్చి మట్టికి ఇవతలే నిలబడింది. గోరింక చెప్పిన పద్ధతి ఆమె నోట ముందే విన్న కుందేలు, తాబేలు ఆమె వెనకే ఆగిపోయారు.

"అడుగెయ్యి అక్కా, ఆలస్యమవుతోంది."

"పెద్దలు ముందు వెయ్యాలి బావా. పోయినసారి మీరిద్దరూ మీ పొదల్లోంచి దొడ్డిదారిన వచ్చి కూర్చున్నారు. భాగస్వాములంతా సమానమని చెప్పింది నువ్వే కదా?"

"నిజమే, మీ ముద్రలేవి?" అంది ఏనుగు.

కోరన్న మీసం దువ్వి దభీమని పంజా దించాడు. వాడికి ఆలోచన ఎప్పుడూ పంజా తర్వాతే. జంబయ్య అటు చూశాడు, ఇటు చూశాడు, ఏనుగు తొండం చూశాడు. మట్టికి నొప్పి పుడుతుందన్నట్టు మెల్లగా ఒక కాలు ఆనించాడు.

గోరింక రివ్వున వాలింది. "తీర్మానం! నక్క జంబయ్య, తోడేలు కోరన్న పదవులు వదిలేసి, అయిదు గుంటల కంపా తీసేసి, ఏడింటి పూడికా స్వయంగా ఎత్తిపోస్తారు!"

"ఆపవే! ఎవరన్నారది? సభే మొదలవలేదు!" అని జంబయ్య ఎగిరిపడ్డాడు.

"ఇక్కడి పద్ధతేమిటి?" అని అడిగింది ఏనుగు.

"ముద్ర ముందు, మాట తర్వాతండి. అధ్యక్షులవారి సంస్కరణేనండి" అన్నాడు కుందేలు గర్వంగా.

"ముద్ర నీదేనా?"

"నాదే, కానీ..."

"పలికింది మీ గోరింకేనా?"

"అదే, కానీ..."

"ఇక కానీ లేదు, గీనీ లేదు. దిగు గుంటలోకి."

మధ్యాహ్నానికల్లా ఐదో గుంటలో దూడ మెడదాకా మునిగి ఉంది. ఆ పక్కనే అధ్యక్షులవారు బురద మోస్తూ కోరన్నను తిడుతున్నారు. నీలాలు నేరుగా వెళ్లి ఆ ముద్రల మట్టిని నాలుగు కాళ్లతో తొక్కి తొక్కి బురద చేసింది. "ఇకనుంచి ముందు మాట. అది అందరూ విని ఒప్పుకున్నాకే ముద్ర" అంది.

"అది సరే వదినా, నా పీట మీద ఇవాళ పూలు వెయ్యలేదేం?" అన్నాడు కుందేలు.

నీలాలు వాడి వంక ఒక్క చూపు చూసి నీటిలోకి దిగిపోయింది.

పీట వేశారని మురిసిపోయేవాడు, ఆ పీట కింద తన గుంట పోయిందని ఆఖరున తెలుసుకుంటాడు.