కట్ట మీద గుచ్చిన పార

అనగనగా ఒక ఊరు. మన వైపు కాదర్రా, ఎక్కడో చలిదేశం, జర్మనీకి ఉత్తరం కొసన. మీ తాతయ్య ఓడలో వంట చేసే రోజుల్లో అక్కడి రేవులో విని, వచ్చి నాకు చెప్పారు. పోటొచ్చిందా, సముద్రం పైన, ఊరు కింద! అదేం విడ్డూరమో. మధ్యలో ఇంత ఎత్తున మట్టికట్ట. ఆ కట్టలో ఇంటికో ముక్క. ఎవరి ముక్క వాళ్ళే పూడ్చుకోవాలి, ఎవరి ముక్క వాళ్ళే కాచుకోవాలి. పక్కవాడి ముక్క మీద చెయ్యేశావో, ఇక అది నీ నెత్తినే.

చేతకానివాడు తన ముక్క మీద పార గుచ్చేసి, ఇల్లూ పొలమూ వదిలి ఊరు దాటిపోవాలిట. ఆ పార ఎవరు పీకితే ఇల్లూ పొలమూ వాళ్ళవి, కట్టపనీ వాళ్ళదే. ఊ కొడుతున్నారా? మల్లీ, దుప్పటంతా నీదేనా, తమ్ముడికి కాస్త వదులు.

ఆ ఊళ్ళో గేషా అని ఒక ముసలమ్మ. నాలాగే నోరు పెద్దది. ఆవిడ కోడలు వీబ్కా. చేపలకెళ్ళిన కొడుకు తిరిగి రాలేదు, పాపం. ఆ ఏడు తుఫాను సరిగ్గా వాళ్ళ ముక్కనే కోసేసింది. పడుచుపిల్ల నాకోసం ఈ మట్టి ఎందుకు మొయ్యాలి, పుట్టింటికి పోయి మళ్ళీ పెళ్ళి చేసుకుంటుంది అనుకుంది ముసలమ్మ. అనుకుని ఊరుకుందా? కోడలికి మాటైనా చెప్పకుండా పార గుచ్చేసి, మూట కట్టుకుని కూర్చుంది.

ఊరంతా చేరింది. పార పీకమని ఊరిపెద్ద వడ్రంగిని అడిగాడు. ముసలమ్మని వెళ్ళగొట్టి ఆ ఇంట్లో నేను పడుకోనా, నావల్ల కాదన్నాడు. గాలిమరలో పిండి ఆడించే ఆయన్ని అడిగాడు. నావల్ల కాదన్నాడు. గొర్రెలాయన్ని అడిగాడు. నావల్లా కాదన్నాడు. అందరూ మంచివాళ్ళే, ఏం లాభం? గండి గండిలాగే ఉంటే రేపు సముద్రం అందరి వంటిళ్ళలోకీ వస్తుంది కదా!

అప్పుడు వీబ్కా గౌను ఎగ్గట్టి, చరచరా కట్టెక్కి, పార పీకేసింది.

ఊరిపెద్ద తెల్లబోయాడు. నువ్వా ఇంటిదానివే కదమ్మా అన్నాడు. ఇల్లు మా అత్తగారిది, ఆవిడ వదిలేసింది, నేను పీకాను, మీ కట్టుబాటు ప్రకారం ఇప్పుడు నాది, కాదంటారా అంది. నీదేనమ్మా అని ఒప్పుకున్నాడు.

ముసలమ్మ మూట చంకన పెట్టుకుని, మరి నేను పోతానంది. కోడలికి ఎక్కడలేని కోపం వచ్చింది.

"ఎక్కడికత్తయ్యా పోయేది? నా ఇల్లు, నా ఇష్టం. నన్నడక్కుండా నా బతుకు సర్దేద్దామనుకున్నారా? లోపలికి నడవండి!"

అరుస్తూ అరుస్తూనే ఏడ్చేసింది. ముసలమ్మా ఏడ్చింది. నాకూ చెప్పినప్పుడల్లా ఏడుపొస్తుంది, ఏం చెయ్యను.

మరి గండో? కట్ట మీద కదా చెయ్యి వెయ్యకూడదు, నా పొలంలో మట్టి పొయ్యొద్దని ఎవరన్నారు అంది వీబ్కా. అంతే! వడ్రంగి ఓ బండెడు పోశాడు. గాలిమర ఆయన ఓ బండెడు పోశాడు. గొర్రెలాయన గడ్డితో సహా మట్టిపెళ్ళలు తెచ్చి పడేశాడు. అత్త అందించింది, కోడలు గండిలో పరిచింది. కోడలు తొక్కింది, సరిగ్గా తొక్కమని అత్త తిట్టింది.

పోటు వచ్చింది. కట్టని తన్నింది, తన్నింది, విసిగి వెళ్ళిపోయింది. ఊరంతా చల్లగా ఉంది.

ఒకరికి మంచి చెయ్యబోయినా ముందు వాళ్ళని ఒక్కమాట అడగాలర్రా. ముసలమ్మకి ఆ బుద్ధి వచ్చింది. ఆ తర్వాత దారిన పోయేవాళ్ళు ఈ ఇల్లెవరిదమ్మా అని అడిగితే, మా అమ్మాయిది అనేదిట.

కథ కంచి దారి పట్టింది, ఇక మీరు నిద్ర దారి పట్టండి.