గంధవహుడు లేళ్లకు పడిన ఋణం

ఎవరికి అన్యాయం జరిగింది? లేళ్లకు. ఎలా జరిగింది? బాణం వల్ల కాదు, వరం వల్ల. ధర్మనిర్ణయం చేయదలచినవారు ముందుగా ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం తెలుసుకుని, ఆ తరువాతనే తక్కిన కథ వినాలి. ఆకలిగొన్నవాడు వేటాడడం పాపమని ఈ కథ చెప్పదు. వేటకు కూడా ఒక న్యాయం ఉన్నదనీ, దానిని తప్పించినవాడు దిక్పాలకుడైనా సరే జవాబు చెప్పుకోక తప్పదనీ మాత్రం చెబుతుంది.

పూర్వం, కల్పాదియందు, దిక్పాలకులు తమతమ వాహనాలను ఎన్నుకుంటున్న వేళ, వజ్రపాణియైన దేవేంద్రుడు ఐరావతాన్నీ, దండధరుడైన యముడు మహిషాన్నీ, పాశహస్తుడైన వరుణుడు మకరాన్నీ అధిరోహించి తమ దిక్కులకు తరలిపోగా, జగత్ప్రాణుడైన వాయుదేవుడొక్కడే వాహనం లేక నిలబడిపోయాడు. కంటికి కనబడని రౌతును వీపున మోయడానికి ఏ జంతువూ ఒప్పుకోలేదు. ఒక గుర్రం సాహసించి ఎక్కించుకున్నది గాని, బరువు తెలియక, స్వామి ఎక్కాడో లేదో అంతుపట్టక, మాటిమాటికీ వెనుదిరిగి చూసి, చివరకు మెడ పట్టేసి కూలబడింది.

అప్పుడు పృషతుడనే చుక్కల లేడి ముందుకు వచ్చి, మోకాళ్లు వంచి, "స్వామీ, మిమ్మల్ని చూడలేకపోయినా మీ రాకపోకలు మా ముక్కుకు తెలుస్తాయి. నేను మోస్తాను. అయితే ఒక్క మాట. పులికీ, కిరాతునికీ మేము ఆహారమని విధాత వ్రాశాడు. అందుకు మేము ఏడవడం లేదు. వాళ్లకూ పిల్లలున్నారు. కాని మమ్మల్ని వేటాడేవాడి కోసం మీరు ఎన్నడూ దారి మార్చుకోకూడదు. శత్రువు వాసన మాకు అందితే పరుగెత్తుతాం, అందకపోతే పడిపోతాం. ఆ మాత్రపు అవకాశం మాకు మిగిలితే చాలు" అని విన్నవించుకున్నాడు.

వాసనలు మోసే గంధవహుడైన వాయుదేవుడు ఆనందభరితుడై, "ఋతుధర్మం ఎటు నడిపితే అటే వీస్తాను. మీ శత్రువు కోసం అంగుళమైనా తొలగను. నీ వీపు మీద కూర్చున్నంతకాలం ఇది నేను మీ జాతికి పడిన ఋణం" అని మాట ఇచ్చి, ఆ లేడిని అధిరోహించి, మృగవాహనుడని పేరు పొందాడు.

యుగాలు గడిచాయి. వింధ్యకు దక్షిణాన ఉన్న అడవులలో కిరాతులు ఆ ఒప్పందానికి లోబడే వేటాడేవారు. పిడికెడు దుమ్ము జారవిడిచి, అది ఎటు వాలితే అటు నుంచి గాలి కెదురుగా నడిచి, కొండ చుట్టివచ్చి, ఒక్కొక్కనాడు వట్టి చేతులతో తిరిగివచ్చి కూడా దేవుణ్ణి నిందించక దుంపలు కాల్చుకుని తినేవారు. పాలిచ్చే లేడి జోలికి పోయేవారు కారు. గాయపడిన మృగాన్ని వదలివచ్చినవాడి ఇంట, దాన్ని వెతికి తెచ్చేదాకా, పొయ్యి వెలగకూడదని గూడెం కట్టడి. మాంసం తెగగానే మొదటి పాలు విల్లు పట్టే చెయ్యి లేని ఇంటికి పోయేది.

ఆ అడవుల అంచున మణిమంతపురాన్ని ఏలే ఉదగ్రవర్మ మహాభుజుడు, సత్యసంధుడు, ఆకర్ణాంతం వింటినారి లాగి పట్టుకుని క్రోసెడు దూరం నడవగల బలశాలి. అయితే ఆ రాజుకు సుగంధాలంటే ప్రాణం. పునుగు, జవ్వాది, కస్తూరి మేళవించి మేనంతా అలదుకోనిదే గడప దాటడు. అందుచేత ఆయన అడవి పొలిమేరలో రథం దిగీ దిగకముందే, అవతలి లోయలోని లేళ్లు సైతం తోకలెత్తి మాయమయ్యేవి.

"వేటాడి వచ్చారా?" అని పట్టమహిషి నవ్వుతూ అడిగేది. "లేకపోతే ఈసారి కూడా అడవికి గంధం పూసి వచ్చారా?"

ఆ మాట మనసులో ముల్లై గుచ్చుకోగా, ఉదగ్రవర్మ పూతలు మానుకోవచ్చునన్న ఆలోచన మాత్రం రాక, రాజ్యం మంత్రులకు అప్పగించి, ఒంటికాలిపై నిలిచి, గాలిని తప్ప మరొకటి భుజించక ఘోరతపస్సు చేశాడు. తననే భుజిస్తూ తననే స్మరిస్తున్న భక్తుణ్ణి చూసి ఉప్పొంగిపోయిన సమీరణుడు పృషతారూఢుడై ప్రత్యక్షమై, వరం కోరుకొమ్మన్నాడు.

"దేవా, నేను నారి లాగి పట్టి ఉన్నంతసేపూ నీవు నా ముఖానికి ఎదురుగానే వీచాలి" అన్నాడు రాజు.

"తథాస్తు" అన్నాడు వాయుదేవుడు. పొగడ్త విన్న నోటికి ఆ మాట తొందరగా వస్తుంది. కింద నిలిచి ఉన్న పృషతుడి చెవులు వెనక్కి వాలిపోవడం ఆయన గమనించలేదు.

ఆ తరువాత ఉదగ్రవర్మ ఎటు తిరిగితే గాలి అటు నుంచి వచ్చింది. కస్తూరి పరిమళమంతా వెనుకకే పోయింది. లేళ్లు తలలెత్తి, ముక్కుపుటాలు విప్పి, ఏమీ తెలియక మళ్లీ మేతకు వంగి, వంగినచోటనే కూలిపోయాయి. ముసలిదని, చూలుతో ఉన్నదని, పాలిచ్చేదని విచక్షణ లేకపోయింది. తినగలిగినంత తిని, పంచగలిగినంత పంచి, మిగిలినది నిలవ చేయాలని రాజు లోయలో పందిళ్లు వేయించి, కింద కుంపట్లు రాజేయించి, మాంసానికి పొగ పెట్టించసాగాడు.

కిరాతుల పెద్దయైన గురివి అనే అవ్వ ఒకనాడు ఆ పందిళ్ల దగ్గరకు వచ్చి, చేతికర్ర నేలకు ఆనించి నిలబడింది.

"దొరా, తమరు తిన్నది ఒకటైతే ఈగలు తిన్నవి పది. ఈగల కోసం తపస్సు చేశారని తెలిస్తే అవి తమకు గుడి కట్టేవి."

ఉదగ్రవర్మకు నవ్వు వచ్చింది గాని, ఆపుకుని, "అవ్వా, వరం ఫలించింది. దానికి నన్నేమి చేయమంటావు?" అన్నాడు.

"వరం సంగతి నాకు తెలియదు. ఎండుగడ్డి మధ్య కుంపట్లు పెట్టారు. అది మాత్రం తెలుసు" అని, ఆమె తన దారిన పోయింది.

మరునాటి ఉదయం వాయుదేవుడు లోకసంచారానికి బయలుదేరబోగా, పృషతుడు నాలుగు కాళ్లూ ముడుచుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు.

"లే నాయనా, పొద్దెక్కుతున్నది" అన్నాడు స్వామి.

"మోయలేను స్వామీ. మీరు బరువెక్కారు."

"నేనా? నాకు బరువెక్కడిది? నీవే బద్ధకించావు."

"ఇన్ని యుగాలు మీరు ఎక్కారో దిగారో నాకు తెలిసేది కాదు. ఆ వరం ఇచ్చిన క్షణాన నా నడుము వంగింది. మాట తప్పినవాడి బరువు మోయడం లేడి వల్ల కాదు. ఏనుగును చూసుకోండి."

ప్రభంజనుడని, మహాబలుడని, సదాగతియని స్తుతులందుకునే ఆ దేవుడు కొంతసేపు బెదిరించి, కొంతసేపు బుజ్జగించి, పచ్చగడ్డి కూడా చూపించి, ఏదీ పనిచేయక, తలవంచుకుని కాలినడకన బయలుదేరాడు. ఆయన ఆగితే లోకాల ఊపిరి ఆగుతుంది గనుక ఆగలేదు. నడిచాడు. ఓడల తెరచాపలు వేలాడిపోయాయి, గాలిపటాల్లా ఎగరవలసిన మబ్బులు కదలక కునుకు తీశాయి. దేవతలు విసనకర్రలు పట్టుకుని, ఆయన దారిలో వెళ్తుంటే మాటలు ఆపి నవ్వుకున్నారు. అలా నడుస్తూ నడుస్తూ ఆయన ఋజుమతీదేవి ఆశ్రమం చేరాడు.

ఆ వృద్ధ తాపసి బ్రహ్మవాదిని, ముఖస్తుతి సహించనిది, యమధర్మరాజు సైతం చిక్కుముడి పడ్డప్పుడు దూతను పంపి సలహా అడిగే న్యాయమూర్తి. పృషతుడు అప్పటికే అక్కడికి వచ్చి, ఆమె కుటీరం ముందు దర్భలు మేస్తున్నాడు.

"తల్లీ, నాది దయాగుణం" అని మొదలుపెట్టాడు వాయుదేవుడు. "భక్తుడు అడిగాడు, ఇచ్చాను."

"నాయనా సమీరణా, ఒకరికి వడ్డించిన విస్తరి లాగి మరొకరి ముందు పెట్టి, అన్నదానం చేశానని చెప్పుకుంటావా?" అన్నది ఋజుమతి. "నీవు ఇచ్చిన మాటలు రెండు. ఏది ముందుది?"

స్వామి నేల చూపులు చూస్తూ, "లేళ్లకు ఇచ్చినది" అన్నాడు.

"రెండవ మాట ఇచ్చేటప్పుడు మొదటిది గుర్తున్నదా?"

"అతడు చాలా బాగా పొగిడాడు తల్లీ."

పృషతుడు మేత నములుతూనే చెవి ఒకటి ఇటు తిప్పాడు. ఋజుమతి నవ్వలేదు. "ఇచ్చిన వరాన్ని దాత వెనక్కి తీసుకోరాదు. పుచ్చుకున్నవాడు తనంతట వదలితేనే అది వదలుతుంది. కనుక నీవే ఆ రాజు దగ్గరకు పోయి, చేయి చాచి అడుగు. అతడు వదలి, లేళ్లకు జరిగిన నష్టం పూడేదాకా నీకు వాహనం లేదు. నడిచి వెళ్లు. నడిచేవాడికి ఆలోచన వస్తుంది."

అది గ్రీష్మం. ఋతుధర్మాన్ననుసరించి పడమటి నుంచి తూర్పుకే నడవవలసిన వాయుదేవుడు ఉదగ్రవర్మ విడిది చేసిన లోయను చేరేసరికి, గురివి భయపడినట్లే అయింది. పందిరి కింది కుంపటి నుంచి నిప్పురవ్వ ఎండుగడ్డిలో పడి, గడ్డి పొదకు, పొద చెట్టుకు అంటించి, మంటలు బారులుతీరి తూర్పుకు సాగుతున్నాయి. తూర్పున నిట్టనిలువు కొండచరియ. ఆ చరియకూ మంటకూ నడుమ, అడవిలో మిగిలిన ఆఖరి లేళ్ల మంద, ఇంకా కాళ్లు నిలదొక్కుకోని పిల్లలతో సహా చిక్కుబడిపోయింది. కిరాతులు పచ్చికొమ్మలు విరిచి మంటను బాదుతున్నారు గాని, ఒకచోట అణిగినది మరొకచోట లేస్తున్నది.

తన ప్రతి అడుగూ ఆ మంటను ముందుకు నెట్టుతున్నదని వాయుదేవుడు చూశాడు. ఆగరాదు, తిరగరాదు. ఋతుధర్మాన్ని మళ్లించగలిగినది లోకంలో ఒక్కటే ఉన్నది. అది తాను ఇచ్చిన ఆ వరమే.

ఆయన రాజు ఎదుట ప్రత్యక్షమై చేతులు జోడించాడు. దేవుడు తనకు మొక్కడం చూసి ఉదగ్రవర్మ కంగారుపడ్డాడు.

"రాజా, వరం వదిలిపెట్టమని అడగడానికి వచ్చాను. ఇప్పుడు ఈ ఒక్క పూట వదలవద్దని వేడుకుంటున్నాను. ఆ లేళ్లకూ మంటకూ నడుమ నిలబడు. మంటకు వీపు పెట్టు, లేళ్లకు ముఖం చూపు. నారి లాగి పట్టు. నేను కొండ వైపు నుంచి నీ ముఖానికి ఎదురువస్తాను, నీ వెనుక మంట వెనక్కి మళ్లుతుంది. కాని బాణం వదిలితే నారి సడలుతుంది. నారి సడలితే నేను మళ్లీ తూర్పుకే పోవాలి."

ఉదగ్రవర్మ పందిళ్ల వైపు చూశాడు, మంట వైపు చూశాడు, తల్లుల పొట్టల కింద దూరుతున్న పిల్లల వైపు చూశాడు. "నేను పెట్టిన నిప్పు. నేనే నిలబడతాను" అని, కిరీటం తీసి పక్కన పెట్టి, పొగలోకి నడిచి, మంటకు వీపు పెట్టి, ఆకర్ణాంతం నారి లాగాడు.

తత్క్షణమే చరియ మీద నుంచి గాలి దిగివచ్చింది. కాలినడకన కాదు, ఉరకలు వేస్తూ వచ్చింది. మంటలు ఒక్కసారి వెనక్కి పడి, అంతకుముందే తాము తిని వదిలిన నేల మీదికి మళ్లి, నాకడానికి పరక దొరకక తబ్బిబ్బయ్యాయి. వీపు మాడుతున్నా రాజు కదలలేదు. ఎదుట, చేయి చాస్తే అందేటంత దగ్గరలో, కొమ్ములు ఏడు కొమ్మలుగా చీలిన మహామృగం పక్క తిరిగి నిలబడి, బాణపు మొన వైపూ రాజు కళ్ల వైపూ మార్చి మార్చి చూస్తున్నది. రాజు భుజాలు వణికాయి, చెమట కళ్లలోకి కారింది.

కొమ్మతో నిప్పు బాదుతూ గురివి పక్కకు వచ్చింది. "దొరా, ఇంత మంచి గురి తమకు జన్మలో దొరకదు. కదలకండి మరి."

"నవ్వించకు అవ్వా" అన్నాడు ఉదగ్రవర్మ పళ్ల బిగువున. "నవ్వితే చెయ్యి జారుతుంది."

ఆఖరి నిప్పు బూడిదయ్యేదాకా ఆ మహాభుజుడు అలాగే నిలిచి, అది ఆరిందని గురివి చెప్పిన తరువాత, నారిని మెల్లమెల్లగా సడలించి, బాణాన్ని అమ్ములపొదిలో పెట్టాడు. లేళ్లు ఆయన పక్కనుంచే ఒకటొకటిగా దాటిపోయాయి. ఆయన ఒంటిని పొగ ముంచెత్తింది. కస్తూరి వాసన మచ్చుకైనా మిగలలేదు.

అప్పుడు ఉదగ్రవర్మ దోసిట నీరు తీసుకుని, "దేవా, నీ వరం నీకే" అని ధారపోశాడు. పిడికెడు బూడిద తీసి జారవిడిచి చూశాడు. అది ఋతుధర్మం ప్రకారం బుద్ధిగా తూర్పుకు వాలింది.

వాయుదేవుడు ప్రసన్నుడై, "బదులుగా మరొకటి కోరుకో" అనగా, రాజు ఈసారి తొందరపడక ఆలోచించి, "మందలు మునుపటిలా పెరిగేదాకా నేను విల్లు ముట్టను. ఆ తరువాత వేటాడిననాడు, గురి తప్పినా నాకు కోపం రాకుండా అనుగ్రహించు" అని కోరాడు.

"తథాస్తు" అన్నాడు స్వామి, ఆలోచించి.

మందలు మళ్లీ లోయ నిండాయి. పిల్లలు పాలు మానిన కాలం చూసి ఉదగ్రవర్మ పూతలేవీ లేకుండా గురివి వెంట అడవికి వెళ్లి, దుమ్ము జారవిడిచి, కొండ చుట్టివచ్చి, సరిగ్గా బాణం తొడిగేవేళకు గాలి మళ్లడంతో మందంతా పారిపోగా, కడుపుబ్బ నవ్వాడు. మరుసటిసారి ఒక ముసలి మగలేడి దొరికింది. ఒక్క బాణంతో పడింది. మొదటి పాలు విల్లు పట్టే చెయ్యి లేని ఇంటికి స్వయంగా మోసుకుపోయాడు. పట్టమహిషి ఆ సాయంకాలం ఆయనను దగ్గరకు రానిచ్చి, "ఇవాళ వేటాడినవాడి వాసన వస్తున్నది" అన్నది.

ఆ వార్త విన్న ఋజుమతి తలపంకించి, వాయుదేవునితో, "నష్టం పూడింది. వెళ్లి అడుగు" అన్నది.

గంధవహుడు పృషతుడి ముందు నిలిచి, "ఋణం తీరిందా నాయనా?" అని అడిగాడు. పృషతుడు ముడుచుకున్న కాళ్లు సాచి, లేచి, ఒళ్లు విదిల్చుకుని, వీపు చూపించాడు.

కాస్సేపటికి, "ఎక్కారా స్వామీ?" అన్నాడు పృషతుడు.

"ఎక్కాను."

"తెలియనేలేదు" అని, ఆ చుక్కల లేడి ఒక్క గంతులో ఆకాశానికి ఎగసింది. లోకాలన్నింటా తెరచాపలు నిండాయి.