గజాంకుశుడి శనివారం తలంటు

ఏనుగెక్కి బయల్దేరితే దాటడానికి ఏడు నెలలు పట్టే కుంభగిరి అనే ఒకానొక రాజ్యంలో గజాంకుశుడనే రాజు ఉండేవాడు. ఆయన తుమ్మితే కోట గోడకు బీటలు వచ్చేవి. నేను తగ్గించి చెబుతున్నాను.

ఆ రాజు తన అయిదు కొండల్లో నాలుగింటి మీద అడవి నరికించి కలప అమ్ముకున్నాడు. మరుసటి వానాకాలం బోడికొండ జారి మల్లెలపాడు మీద పడింది. నలభై ఇద్దరు మట్టికింద ఉండిపోయారు. వాళ్ళలో రాజుగారి స్నానశాల చూసే పేరయ్య అన్నా వదినా ఉన్నారు. ఇక మిగిలిన అడవి ఎలుగుమెట్ట ఒక్కటే. దాని కిందనే పేరయ్య కూతురి కాపురం.

ఒకనాడు సభలో మంత్రి భద్రదత్తుడు లేచాడు. "ప్రభూ, అడవి వల్ల మనకు మూడు లక్షల వరహాలు వచ్చాయి. ఏటి అవతల సోమవరం రాజుకు చిల్లిగవ్వ రాలేదు. ఎలుగుమెట్ట కూడా నరికిద్దాం."

సభలో ఓ మూల నిలబడ్డ పేరయ్య గొంతు సవరించుకున్నాడు. "వచ్చింది చెప్పారు మంత్రిగారూ, పోయింది చెప్పలేదు."

రాజు మీసం దువ్వాడు. "నీళ్ళు కాచేవాడు కూడా రాజ్యాలను తూకం వేస్తున్నాడే. శనివారంలోగా రుజువు చెయ్యి. లేదా ఎలుగుమెట్ట మీద మొదటి గొడ్డలి వేటు నువ్వే వెయ్యాలి."

శనివారం వచ్చింది. రాజుగారికి తలంటు. పుట్టెడు నువ్వుల నూనె నెత్తిన మర్దించారు. నూనె కారి కళ్ళలో పడుతోంది, ఈగలు ముసురుతున్నాయి. జాము గడిచినా నీళ్ళు రాలేదు.

"కుంకుడురసం ఏదిరా?"

"కుంకుడుచెట్లు రెండో కొండతోనే పోయాయి ప్రభూ. కాయలు సోమవరం నుంచి రావాలి."

"వేణ్ణీళ్ళు తే."

"కట్టెలు సోమవరానివే. మన వాగు ఎండి మూడేళ్ళయింది, నీళ్ళూ అక్కడివే. ఆ బండ్లను ఈ ఉదయం పొలిమేరలో నేనే ఆపించాను."

రాజు కత్తి కోసం చెయ్యి చాచాడు. నూనె చేతిలో పిడి నిలవలేదు.

"చంపే ముందు ఒక్కటి వినండి. తమరి ఒక్క తలంటుకు బండ్ల కిరాయితో కలిపి డెబ్బై వరహాలు. అవతలి ఒడ్డున పుల్లలేరుకునే ముసలమ్మ చెట్టుకింద రాలిన కాయలతో, వాగునీళ్ళతో తలంటుకుంటోంది. ఆమెకు కాసు ఖర్చు లేదు. మన రాజ్యంలో ప్రతి పొయ్యికీ, ప్రతి కడవకీ ఇదే తంతు. మూడు లక్షలు ఎప్పుడో ఏరు దాటిపోయాయి. కావాలంటే మంత్రిగారిని అడగండి."

రుజువు చూడటానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డ భద్రదత్తుడు నేల చూస్తూ అవునన్నట్టు తలాడించాడు.

"ఇంకొకటి మాత్రం ఎలా లెక్కకట్టాలో నాకు తెలియలేదు ప్రభూ," అన్నాడు పేరయ్య, గొంతు తగ్గించి. "మల్లెలపాడు. సోమవరంలో ఏ ఊరూ మట్టికింద లేదు."

రాజు తన ఒంటి మీద కారుతున్న నూనెను చూసుకున్నాడు. తర్వాత నవ్వాడు. చెంపదెబ్బ తిన్నవాడు నవ్వే నవ్వు అది.

"నన్ను పీట మీద కూర్చోబెట్టి గెలిచావు పేరయ్యా. ఏం కావాలో అడుగు."

"ఎలుగుమెట్ట."

"నీదే. దాని మీద గొడ్డలి ఎత్తినవాడి చెయ్యి ఉండదు."

ఆ మాట కోట దాటి గడియలో రాజ్యమంతా పాకింది. బండ్లను వదలమని రౌతులూ పరుగెత్తారు. కానీ ఏరు దూరం. గజాంకుశ మహారాజు నూనె ఒంటితో ఆ పీట మీదే పొద్దుగూకేదాకా నీళ్ళ కోసం కూర్చున్నాడు.