తోడుకు సుంకం

ఏ రాజ్యమో ఇప్పుడెవరికీ గుర్తులేదు గానీ, అక్కడ పాలు తోడేసుకోవాలన్నా సుంకం కట్టాల్సి వచ్చేది. తోడు అమ్మేది రాజుగారి బావమరిది భైరవయ్య. ఎవరి తోడుతో పెరుగు తోడుకుందో, ఆ పెరుగూ, దాంతో తోడుకున్న ప్రతి కుండా వాళ్ళవేనని శాసనం వేయించుకున్నాడు.

ముసలి పైడమ్మ మాత్రం అడిగినవాళ్ళందరికీ చెంచాడు తోడు ఊరికే ఇస్తూనే ఉంది. భటులు ఆమె పెరుగుకుండ పగలగొట్టి, ఆమెను సభకు ఈడ్చుకొచ్చారు.

"ఊరికే వచ్చినదాన్ని ఎలా నమ్మడం? పాడైతే పూచీ ఎవరిది?" అని భైరవయ్య ఎగిరాడు.

పైడమ్మ అతనివైపు తిరిగింది.

"పాడైతే పక్కింట్లో అడుగుతాం బాబూ. ఇంతకీ మీ దుకాణంలో మొదటి కుండకు తోడెక్కడిది?"

ఆ తోడు భైరవయ్య పైడమ్మ గుమ్మంలో గిన్నె పట్టుకుని అడిగి తెచ్చుకున్నదేనని సభలో సగంమందికి తెలుసు.

రాజుకు నవ్వాగలేదు. "శాసనం ప్రకారం దుకాణమంతా నీదే అవ్వా! తీసుకో."

"దుకాణం నేనేం చేసుకోను మారాజా, ఓపిక లేదు. నా కుండ పగలగొట్టారు, ఇంట్లో తోడు లేదు. ఆయన్ని ఓ చెంచాడు ఊరికే ఇమ్మనండి. పొద్దున్నే ఊరంతా గిన్నెలతో వస్తుంది."