గోదాలో సగం మట్టి

గవరయ్య వస్తాదుకి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ ప్రశ్న పట్టుకొచ్చినా ముందు వాళ్ళ చేతికి పార ఇచ్చేవాడు. "గోదాలో మట్టి తిరగెయ్యి, తరవాత మాట్టాడుకుందాం" అనేవాడు. పెళ్ళి చేసుకోవాలా మానాలా అని అడగవచ్చినవాడికీ పారే, అన్నదమ్ముల గొడవ చెప్పుకోవచ్చినవాడికీ పారే. సగంమంది మట్టి తిరగేస్తూ తిరగేస్తూ తమ ప్రశ్నకి తామే జవాబు చెప్పుకుని ఇంటికి పోయేవారు. తక్కిన సగంమందికి నడుం నొప్పి దక్కేది. అయినా గజపురంలో ఎవరికి ఏ చిక్కొచ్చినా ఆయన కుస్తీలు నేర్పే తాలింఖానా గుమ్మమే ఎక్కేవారు.

మేయర్ లోకనాథం ఆ గోదాలో పెరిగినవాడే. కుర్రతనంలో అక్కడే కుస్తీ పట్లు నేర్చాడు. తరవాత రాజకీయాల్లో చేరి రెండుసార్లు మేయరయ్యాడు. ఆ రెండుసార్లూ నామినేషన్ వెయ్యబోయే ముందు తాలింఖానాకి వచ్చి, వస్తాదు చేత నుదుట గోదా మట్టి పెట్టించుకునే వెళ్ళాడు. ఊరు కూడా దానికి అలవాటు పడింది. లోకనాథం నుదుట ఎర్రమట్టి కనపడితే చాలు, "వస్తాదు పెట్టేశాడు, ఇంక ఢోకా లేదు" అనుకునేవారు. ఆ మట్టి లేకుండా బయటికొస్తే ఏమనుకుంటారో అతనికి వేరే చెప్పక్కర్లేదు.

మూడోసారి వచ్చేసరికి సంగతి మారిపోయింది. మురుగుకాలవల్లో పూడిక తియ్యకుండానే తీసినట్టు బిల్లులు పాసయ్యాయని అతని మీద కేసు పడింది. కిందటి వానాకాలంలో మేదరవీధి నడుంలోతు నీళ్ళలో మునిగితే గానీ ఆ గుట్టు బయటపడలేదు. పేపర్లు, పోలీసులు, బెయిలు, ఛార్జిషీటు, అన్నీ వరసగా అయిపోయాయి. "ఛార్జిషీటు ఉంటే ఏమిటండీ, శిక్ష పడితే కదా పోటీకి అడ్డం" అని లాయరు ధైర్యం చెప్పాడు. పార్టీవాళ్ళు కూడా ఈయన తప్ప గెలిచేవాడు లేడని టిక్కెట్టు చేతిలో పెట్టారు. నామినేషన్లకి ఆఖరి రోజు పొద్దున్నే, డప్పులతోనూ దండలతోనూ మందినంతా వీధిలో నిలబెట్టి, లోకనాథం ఒక్కడూ తాలింఖానా లోపలికి వచ్చాడు.

వస్తాదు గోదా గట్టు మీద కూర్చుని మట్టిలో కలపడానికి పసుపు దంచుతున్నాడు. లోకనాథం కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

"గురువుగారూ, అడగాల్సింది ఒకటే. కేసు నెత్తి మీద ఉండగా నేను మళ్ళీ నిలబడొచ్చా, కూడదా? చట్టం నిలబడొచ్చంటోంది. జనం నిలబడమంటున్నారు. మీరు ఒక్క మాట అని మట్టి పెడితే వెళ్ళిపోతాను."

"పార అదిగో, ఆ మూలనుంది" అన్నాడు వస్తాదు.

మేయరైనా పార తప్పలేదు. గంజిపెట్టిన ఖద్దరు పంచె ఎగ్గట్టి, చెప్పులు విప్పి, గోదాలో దిగాడు. నాలుగు వేట్లు వేసేసరికే ఆయాసం వచ్చింది. ఆయాసంతో పాటు మాటలూ వచ్చాయి. ఇదంతా గిట్టనివాళ్ళు పన్నిన పన్నాగమన్నాడు. సంతకాలు ఆఫీసర్లవీ, నిందలు తనకీనా అన్నాడు. "మీరే చెప్పండి గురువుగారూ, కుర్చీ మీద ఆశే ఉంటే నేను అమ్మ బడి వదులుకుంటానా? కేసు పడ్డ వారంలోనే బడి కమిటీకి రాజీనామా రాసిచ్చాను. కేసు తేలేదాకా ఆ గడప తొక్కనన్నాను. అమ్మ పేరున కట్టించిన బడి. మేదరవీధి పిల్లలు చదువుకునే చోటు. నా మూలంగా దానికి మాట రాకూడదు కదా!"

"మంచి పని" అన్నాడు వస్తాదు, పసుపు దంచుతూనే.

ఆ మాటతో లోకనాథం ప్రాణం కొంచెం లేచొచ్చింది. అయినా పార ఆడుతున్నంతసేపూ లోపల ఒకటి తొలుస్తూనే ఉంది. పూడిక కాంట్రాక్టరు తన బావమరిది మనిషేనని అతనికి తెలుసు. కాలవ దగ్గరికి ఒకసారి వెళ్ళి చూసుంటే అసలు సంగతి తెలిసేదనీ తెలుసు. చూడకుండా ఉండటమే సుఖమనిపించి చూడలేదు. దొంగతనం చేశావా అని ఎవరైనా అడిగితే లేదని రొమ్ము విరుచుకుని చెప్పగలడు గానీ, రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. పాపం, ఆ మాట ఎవరితో చెప్పుకుంటాడు!

ఇంతలో పహిల్వాన్లు ఒక్కొక్కరే రాసాగారు. జాతర కుస్తీలు దగ్గర పడ్డాయి. ఆ ఏడు గెలుపు అసిరినాయుడిదేనని ఊరంతా పందెం కట్టినంత ధీమాగా ఉంది. కొండలాంటి మనిషి, పట్టు పట్టాడంటే ఉడుంపట్టే. ఆ రోజు మాత్రం భుజం మీద కప్పుకున్న తువ్వాలు తియ్యకుండా ఓ పక్కగా నిలబడ్డాడు.

ఆ తాలింఖానాలో ఒక కట్టడి ఉండేది. గోదాలో దిగేముందు ప్రతివాడూ ఎండలో నిలబడి ఒళ్ళు చూపించుకోవాలి. తామర లాంటి అంటురోగం ఉంటే అది మానేదాకా పట్టుకి దిగకూడదు. అన్నాళ్ళూ పార పట్టి మట్టి తిరగేస్తూ, నీళ్ళు చల్లుతూ ఉండాలి. మట్టి అందరిదీ కనక, ఒకడి ఒళ్ళు రాసుకున్న చోటే ఇంకొకడి ఒళ్ళు రాసుకుంటుంది కనక, ఆ కట్టడి ఎవరికీ తప్పుగా తోచలేదు.

"తువ్వాలు తియ్యరా" అన్నాడు వస్తాదు.

అసిరి తీశాడు. భుజం కింద గుండ్రంగా, అంచులు ఎర్రగా ఒక మరక ఉంది. తక్కినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"చీమ కుట్టింది గురువుగారూ" అన్నాడు అసిరి గబగబా. "తామరని ఎవలన్నారు? డాక్టరు చూసినాడా? ఎవుడో చూడగానే అనీసినంత మాత్రాన అయిపోద్దేటి? ఏడాదంతా ఒళ్ళు హూనం చేసుకున్నాను. ఇప్పుడు గట్టు మీద కూకోమంటే నా గతేటి?"

పార ఆపి వింటున్న లోకనాథం ఆగలేకపోయాడు. ఆ కుర్రాడి నోట తన మాటే వినపడినట్టుంది.

"అతనన్నదాంట్లో న్యాయం ఉంది గురువుగారూ" అన్నాడు. "రుజువు కాకముందే మనిషిని పక్కన కూచోబెడితే ఎలా? రేపు అది నిజంగా చీమకాటే అని తేలిందనుకోండి, పోయిన జాతర మళ్ళీ తెచ్చివ్వగలమా?"

"మేయరు చెప్పాక ఇంకేటుంటాది" అన్నాడు వస్తాదు నెమ్మదిగా. "దిగరా అసిరీ."

అసిరి మొహం చేటంతయింది. మేయరుకి రెండు చేతులా దణ్ణం పెట్టి గోచీ బిగించుకున్నాడు. సరిగ్గా అప్పుడే అతని భార్య రమణమ్మ అంబలి ముంత పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. చంకలో మూడేళ్ళ కూతురు. తండ్రిని చూడగానే ఆ పిల్ల చంకలోంచి జారి, "అయ్యా" అంటూ పరుగు తీసింది.

"పిల్లనెత్తుకో అసిరీ" అన్నాడు వస్తాదు. "ఓపాలి ముద్దాడి దిగు."

అసిరి చటుక్కున రెండడుగులు వెనక్కి వేశాడు. రెండు చేతులూ పైకెత్తేశాడు, పిల్లకి అందకుండా. ఆ పిల్ల అతని మోకాళ్ళ దగ్గర నిలబడి, చేతులు చాచి, ఎందుకు ఎత్తుకోవడం లేదో తెలియక మొహంలోకి చూస్తోంది.

"ఇదే వరస గురువుగారూ" అంది రమణమ్మ, గోదా సంగతులేవీ తెలియని మనిషి. "జాతర చాటింపు వేసిన కాణ్ణించీ పిల్లని దగ్గరికి రానివ్వడు. చాప వేరే, తువ్వాలు వేరే. ఏటయింది మావా అంటే కసురుకుంటాడు. మీరైనా అడగండి బాబూ."

అడగడానికి ఏం మిగిలింది గనక! అసిరి తల వంచుకున్నాడు. అంత పెద్ద మనిషికీ కళ్ళనీళ్ళు తిరిగాయి. పిల్లని రమణమ్మే వచ్చి ఎత్తుకుంది. అసిరి ముంజేత్తో మొహం తుడుచుకుని, లోకనాథం దగ్గరికి వచ్చి చెయ్యి చాచాడు.

"మేయరు బాబూ, ఆ పార ఇలాగియ్యండి" అన్నాడు.

లోకనాథం ఇచ్చేశాడు. అసిరి గోదా ఆ చివరికి పోయి మట్టి తిరగెయ్యడం మొదలుపెట్టాడు. వస్తాదు కేకలు వెయ్యలేదు, నీతులు చెప్పలేదు. లేచి వెళ్ళి అతని వీపు మీద చెయ్యి వేశాడు.

"చీమే కుట్టుంటాదిరా. నాలుగు రోజుల్లో తేలిపోద్ది. ఈ ఏడు కాపోతే పైయేడు. గోదా ఎక్కడికీ పారిపోదు" అన్నాడు.

వీధిలో డప్పులు జోరందుకున్నాయి. లోకనాథం పీయే మూర్తి గుమ్మంలోంచి తల పెట్టి, "సార్, టైమైపోతోంది. ఊరేగింపుతో చేరేసరికి ఆఫీసు మూసేస్తారు" అన్నాడు. లోకనాథం వంగి, తాను తిరగేసిన చోటే గుప్పెడు మట్టి తీసుకుని వస్తాదు ముందుకి చాచాడు.

"మీ చేత్తో పెట్టండి గురువుగారూ."

"నీ చేతిలో ఉందిగా, పెట్టుకో" అన్నాడు వస్తాదు. "చట్టం అడ్డం లేదన్నావు. నేనూ అడ్డం లేను." తిరిగి గట్టు మీద కూర్చుని రోకలి అందుకున్నాడు. రెండు పోట్లు వేసి ఆగాడు. "అమ్మ బడి గడప తొక్కలేదు చూడు, అది మాత్రం మంచి పని చేశావు లోకనాథం."

లోకనాథానికి ముందు కోపమే వచ్చింది. నలుగురి ముందూ నన్నంత మాటంటాడా ఈ ముసలాయన అనుకున్నాడు. తీరా చూస్తే ఆయన అన్నదల్లా మంచి పని చేశావనే. ఇందాకా అదే మాట విని తాను సంబరపడ్డాడు కూడా. అసిరి పైకెత్తేసిన చేతుల వెనకే ఆ బడి పిల్లలు అతని కళ్ళ ముందు మెదిలారు. ఏ పిల్లల బడికి తన నీడ తగలకూడదని తప్పుకున్నాడో, కిందటి వానాకాలంలో ఆ పిల్లలే పుస్తకాల సంచీలు నెత్తిన పెట్టుకుని మేదరవీధిలో నడుంలోతు మురుగులో ఇళ్ళకి పోయారు. ఆ వీధినే మళ్ళీ తన చేతికిమ్మని అడగబోతున్నాడు. సిగ్గేసింది. మేయరయ్యాక అంత సిగ్గు అతనికి ఎప్పుడూ వెయ్యలేదు.

గోదా ఆ చివర అసిరి పార ఒక్కటే చప్పుడు చేస్తోంది. లోకనాథం గుప్పెడు వదులైంది. మట్టి ఎక్కడిదక్కడ రాలిపోయింది.

మూర్తికి కంగారు పుట్టింది. "సార్, బయట అంతమంది ఎదురు చూస్తున్నారు. వాళ్ళకి ఏం చెప్పమంటారు?"

లోకనాథం వస్తాదు వంక చూశాడు. వస్తాదు గోడకి ఆనించి ఉన్న రెండో పార కేసి చూపించాడు.

"గోదాలో సగం మట్టి ఇంకా తిరగెయ్యాలట అని చెప్పు" అన్నాడు లోకనాథం మూర్తితో, ఆ పార అందుకుంటూ.